ఆవుల పిడుదులకు ఆకుల మందు



మన బడి పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆవులున్నాయి. పొద్దున్నే పిడుదులు ఏరి, మందు కొట్టి బడికొచ్చే పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ విషయం రాస్తున్నాను.

పిడుదు కీటకం కాదు. ఎనిమిది కాళ్లున్న సాలీడు వర్గానిది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు నేల రాలి, పాక పగుళ్లలోనో గడ్డిలోనో 2,000కు పైగా గుడ్లు పెట్టగలదు. అంటే ఆవు ఒంటిమీద కనిపించేవి కొన్నే. మిగతావి బయట కాచుకొని ఉంటాయి.

అంగడి మందులు పనిచేస్తాయి. కానీ ఒకే మందును కొలత లేకుండా పదేపదే వాడితే, దానికి తట్టుకున్న పిడుదులు మిగిలి వాటి సంతతే పెరుగుతుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కొట్టిన ఆవును చెరువులో కడిగితే చేపలు చస్తాయి.

వేపగింజలోని అజాడిరాక్టిన్ పిడుదును వెంటనే చంపదు. అది కుబుసం విడవకుండా, గుడ్లు సరిగా పెట్టకుండా అడ్డుపడుతుంది. అందుకే ఆకుమందు ఒక్కసారితో సరిపోదు.

జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చెప్పే మందు ఇది: వెల్లుల్లి 10 రెబ్బలు, వస 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, వేపాకు, వేపపండ్లు, తులసి, పులికంప ఆకు ఒక్కొక్క గుప్పెడు. అన్నీ మెత్తగా రుబ్బి, లీటరు నీళ్లలో కలిపి వడగట్టాలి. ఎండవేళ ఆవు ఒళ్లంతా, పాక పగుళ్లలోనూ కొట్టాలి. పిడుదులు పోయేదాకా వారానికోసారి చేయాలి. వసను తమిళ అంగళ్లలో వసంబు అని అడగండి. పులికంపను తమిళంలో ఉణ్ణిచెడి అంటారు. ఉణ్ణి అంటే పిడుదే.

ఆకుమందు కదా, ఏం కాదులే అనుకోకండి. పులికంప ఆకు పశువు తింటే కాలేయం చెడుతుంది. పిప్పిని మేతలో పడనీయొద్దు. పొగాకు కషాయం అసలు వద్దు. అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఏ మందైనా పెద్దలే కొట్టాలి, పిల్లల చేతికివ్వకండి. పిడుదులను వేళ్లతో నలపకూడదు.

ఆవుకు జ్వరం వచ్చినా, మూత్రం ఎర్రగా పోసినా, మెడ దగ్గర గడ్డలు కట్టినా అది పిడుదులు అంటించిన రోగం కావచ్చు. దానికి ఆకుమందు చాలదు. ఆ రోజే పశువుల డాక్టరును పిలవండి.

పిల్లలూ, మీ పాకలో పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి సైన్సు నోట్సులో బొమ్మ గీయండి. వాటిని పూడ్పించమని నాన్నగారికి మీరే చెప్పండి.

- ప్రధానోపాధ్యాయుడు