పాత కారుకు పెరటి వైద్యం

అరిగిన బేరింగును ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలంతే

మొదట చిన్న రొద. గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటేసరికి తుమ్మెద ఝుంకారంలా మారుతుంది. రోడ్డు బాగోలేదనో, టైర్లు అరిగాయనో యజమాని కొన్నాళ్లు సర్దిచెప్పుకుంటాడు. గేరు తీసి న్యూట్రల్‌లో దొర్లనిచ్చినా రొద తగ్గలేదంటే తప్పు ఇంజన్‌ది కాదు. అనుమానించాల్సింది చక్రాన్ని, అందులోని బేరింగును.

పాత మారుతి 800 ఉన్నవారికి ఈ శబ్దం కొత్తేమీ కాదు. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన ఈ కారు 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేనాటికి దేశంలో 25 లక్షలకు పైగా ఇళ్లకు చేరింది. హైదరాబాద్ సహా 13 నగరాల్లో కాలుష్య నిబంధనల కారణంగా 2010లోనే అమ్మకాలు నిలిచిపోయాయి. పదిహేనేళ్లు నిండిన కారు రోడ్డు మీద ఉండాలంటే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవాలి. ఆ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. కారును ఉంచుకోవాలా, తుక్కుకు ఇవ్వాలా అని ఊగిసలాడే మధ్యతరగతికి కొన్ని వందల రూపాయల బేరింగు కూడా లెక్కలోకి వస్తుంది. ప్రాణం సంగతి సరేసరి. పూర్తిగా పాడైన బేరింగు చక్రాన్ని పట్టేయవచ్చు, ఊడగొట్టనూవచ్చు.

ఏ చక్రమో కనిపెట్టడం మొదటి పని. కారును కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాలపై పడుతుంది. అప్పుడు రొద పెరిగితే దోషం ఎడమవైపు ఉందని అనుమానించాలి. చక్రాన్ని జాకీతో లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపితే వదులు తెలుస్తుంది. తిప్పితే గరగరలాడుతుంది.

800లో వెనక చక్రం పని ఇంట్లో చేయదగ్గది. బ్రేక్ డ్రమ్ములోనే రెండు బాల్ బేరింగులు, వాటి మధ్య ఒక స్పేసర్ ఉంటాయి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసుకోవాలి. ముందు చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, కారును లేపి స్టాండు మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్ముకుని పనిచేయడం ప్రాణాంతకం. హ్యాండ్ బ్రేకు వదిలి, మధ్య నట్టు విప్పితే డ్రమ్ము వస్తుంది. లోపలి ధూళిని నోటితో ఊదకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కనుక తడిగుడ్డతో తుడవడమే మేలు.

పాత బేరింగును చుట్టూ కొద్దికొద్దిగా తడుతూ బయటికి తీయాలి. కొత్తది ఎక్కించేటప్పుడే చాలామంది పొరబడతారు. దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల ద్వారా దారిపై సొట్టలు వేస్తుంది. కొత్త బేరింగు కొన్నాళ్లకే పాతదానిలా మొత్తుకుంటుంది. స్పేసర్‌ను మరవకూడదు. నట్టును మాన్యువల్ చెప్పినంతే బిగించాలి.

సరుకు కొనడంలోనూ మెలకువ కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ బేరింగైనా దొరుకుతుంది. అసలుతోపాటు నకిలీలూ మార్కెట్‌లో తిరుగుతుంటాయి. పాత బేరింగుపై చెక్కిన నంబరు చూసి, అదే నంబరుది అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనడం క్షేమం. మామూలు బాల్ బేరింగుల్లో 04 మొదలు చివరి రెండంకెలను అయిదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 6205 అయితే 25 అన్నమాట. జైపూర్‌లో 1946లో మొదలైన నేషనల్ బేరింగ్ కంపెనీ సరుకైనా, విదేశీ కంపెనీదైనా లెక్క ఒకటే.

ముందు చక్రాల కథ వేరు. అక్కడ బేరింగు నకిల్‌లో బిగువుగా దిగి ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి దించే సాహసం కన్నా నకిల్ విప్పి, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్లడం తెలివైన పని. అందులో నామోషీ ఏమీ లేదు.

పని అయ్యాక నెమ్మదిగా నాలుగు కిలోమీటర్లు నడిపి, మళ్లీ ఊపి చూడాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పాత కారు విషయంలో మాత్రం పనికొస్తుంది, రోగం వెనక చక్రానిదైతే.