పాలకుర్తి తెలుగు విననున్న మిషన్

ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయంటే, దాని వెనుక ఒక తెలుగువాడి శ్రమ చాలా ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి 1960లలో స్టాన్‌ఫోర్డ్‌లో చదువుతూ, కంప్యూటర్‌కు మాట వినడం నేర్పే పనిలో దిగారు. 1952లో బెల్ ల్యాబ్స్ తయారుచేసిన 'ఆడ్రీ' అంకెలను మాత్రమే, అవీ ఆగి ఆగి చెబితేనే గుర్తుపట్టేది. మనిషి అలా మాట్లాడడు కదా. ఆగకుండా వచ్చే మాటను పట్టుకోవాలన్నది రాజ్‌రెడ్డి పంతం.

1976లో కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన 'హార్పీ'కి 1,011 మాటలు తెలుసు. విన్న శబ్దానికి సరిపోయే వాక్యాలు లెక్కలేనన్ని ఉంటాయి. అన్నింటినీ చివరిదాకా చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని హార్పీ అడుగడుగునా మార్కులు తక్కువ పడ్డవాటిని అక్కడికక్కడే వదిలేసి, ముందున్న కొన్నింటితోనే సాగేది. వేగం అలా వచ్చింది. తప్పు పుట్టే చోటు కూడా అదే. మనం అన్న మాట మొదట్లోనే వెనకబడితే ఇక తిరిగి రాదు.

అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన జేమ్స్ బేకర్, భార్య జానెట్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. వాళ్ల 1990 నాటి డిక్టేషన్ సాఫ్ట్‌వేర్‌కు మాట మాటకూ ఆగాల్సిందే. 1997లో 'నేచురల్లీ స్పీకింగ్' వచ్చాక ఆ బాధ తప్పింది. కొన్నవాళ్లు ముందు కొంత పాఠం చదివి దానికి తమ గొంతు అలవాటు చేయాల్సి వచ్చేది. తప్పు పడితే చెరిపేసి టైపు చేయడం వేరు, దిద్దుబాటు పెట్టె తెరిచి సరైన మాట చూపించడం వేరు. రెండో పద్ధతిలోనే అది నేర్చుకునేది.

2017లో గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది. ఏ తెలుగు అన్నది అసలు ప్రశ్న.

జనం పలికే జాను తెనుగే కావాలన్న కవి పాల్కురికి సోమనాథుడి ఊరు, జనగామ జిల్లా పాలకుర్తి. అక్కడ "బాపు పొద్దుగాల పొలంకాడికి పోయిండు" అంటారు. మాట విని రాసే మిషన్ రెండు లెక్కలు కలిపి చూస్తుంది: శబ్దం ఎంత సరిపోయింది, ఈ మాట పక్కన ఆ మాట రావడం ఎంత మామూలు. పత్రికల తెలుగు మీద పెరిగిన మిషన్‌కు 'పోయాడు' బాగా తెలుసు, 'పోయిండు' అరుదు. రెండో లెక్క మొదటిదాన్ని తొక్కేస్తుంది. విన్నది సరిగ్గానే విన్నా రాసేది వేరే అవుతుంది.

తప్పుల్ని కొలిచే పద్ధతి కూడా మనకు నప్పదు. అది మాటల్ని లెక్కపెడుతుంది. 'ఇంటికొచ్చిండు' అని ఉన్నచోట మిషన్ 'ఇంటికి వచ్చిండు' అని విడగొట్టి రాస్తే, ఒక మాట మారిందని ఒక తప్పు, ఒకటి ఎక్కువ వచ్చిందని ఇంకొకటి. సంధి కలిపి మాట్లాడే భాషకు అక్షరాల లెక్కన కొలవడమే న్యాయం అంటాను.

మందు ఒక్కటే, ఆ ఊరి గొంతులు వినిపించడం. రాజ్‌రెడ్డి పాలకమండలికి అధ్యక్షత వహించిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ జనం నుంచి తెలుగు మాటలు సేకరించింది. 2024లో ఏఐ4భారత్ పరిశోధకులు విడుదల చేసిన 'ఇండిక్‌వాయిసెస్' అనే రికార్డింగుల సేకరణలో 22 భాషలున్నాయి. అందులో చదివించినవి తక్కువ, స్వేచ్ఛగా మాట్లాడించినవి ఎక్కువ. ఇదే సరైన దారి. అయితే ఆ రికార్డింగులు విని రాసేవాళ్లు 'పోయిండు'ను 'వెళ్ళాడు'గా సవరించకూడదు. సవరిస్తే, రేపు పరీక్షలో మిషన్ ఉన్నదున్నట్టు విని రాసినా దానికి తప్పే పడుతుంది.