మూడు లూపులా? ఒక కాగితమా?

తాపీ మేస్త్రి గోడల మూల సరిగ్గా కుదిరిందో లేదో ఎలా చూస్తాడో గమనించారా? ఒక గోడ వెంబడి మూడడుగులు, రెండో గోడ వెంబడి నాలుగడుగులు కొలిచి గుర్తులు పెడతాడు. ఆ గుర్తుల మధ్య సరిగ్గా అయిదడుగులుంటే మూల కుదిరినట్టే. 9, 16 కలిపితే 25 కదా!

ఇలా మూడు భుజాలూ పూర్ణసంఖ్యలైన లంబకోణ త్రిభుజాలు ఇంకెన్ని ఉన్నాయి? కర్ణం 1000 దాటకుండా అన్నీ రాబట్టమంటే మనవాళ్ళు చాలామంది వెంటనే మూడు లూపులు రాసేస్తారు. ఒక్కొక్కటీ వెయ్యిసార్లు తిరిగితే మొత్తం వంద కోట్ల పరీక్షలు. జవాబైతే వస్తుంది. మనకి తెలిసేది మాత్రం ఏమీ ఉండదు.

కాసేపు కీబోర్డు పక్కన పెట్టి ఈ వరస చూడండి: 3, 4, 5, 5, 12, 13, 7, 24, 25, 9, 40, 41. చివరి రెండూ పక్కపక్క సంఖ్యలు. వాటిని కలిపితే మొదటిదాని వర్గం వస్తుంది: 4+5=9, 12+13=25. కారణం తేలికే. పక్కపక్క సంఖ్యల వర్గాల తేడా ఎప్పుడూ వాటి మొత్తానికి సమానం.

8, 15, 17 మాత్రం ఈ వరసలో రాదు. దాన్నీ పట్టే సూత్రం యూక్లిడ్ ఇచ్చాడు. ఏవైనా రెండు సంఖ్యలు తీసుకోండి. వాటి వర్గాల తేడా ఒక భుజం, లబ్ధానికి రెట్టింపు రెండో భుజం, వర్గాల మొత్తం కర్ణం. 4, 1 తీసుకుంటే 15, 8, 17. మిగిలినవన్నీ ఇలా వచ్చినవాటి గుణిజాలే. కర్ణం 1000 దాటకూడదంటే పెద్ద సంఖ్య 31 దాటనక్కర్లేదు. అంటే చూడాల్సిన జతలు 465 మాత్రమే!

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్లింప్టన్ 322 అనే మట్టి పలక ఉంది. దాదాపు 3,800 ఏళ్ళ నాటి ఆ బాబిలోనియా పలక మీద 12709, 18541 ఒకే వరసలో కనిపిస్తాయి. మూడో భుజం 13500. సూత్రంలో 125, 54 పెట్టి చూడండి. ఇది ఊరికే వెతికితే దొరికే త్రిభుజం కాదు.

అన్నిటికీ కాగితం చాలదు కూడా. 1 నుంచి సంఖ్యలకి ఎరుపో నీలమో వేస్తూ పోవాలి, ఏ త్రిభుజం భుజాలు మూడూ ఒకే రంగులో ఉండకూడదు. ఇది 7824 వరకు కుదురుతుందనీ, 7825 దగ్గర కుదరదనీ 2016లో హ్యూలె, కుల్‌మన్, మారెక్ కంప్యూటర్ చేత రుజువు చేయించారు. ఆ రుజువు 200 టెరాబైట్లు. కుదరదని అది చెబుతుంది, 7825 దగ్గరే ఎందుకో మనకి అర్థమయ్యేలా చెప్పదు.

ఈ వారాంతం మీ పిల్లల్ని 13తో మొదలయ్యే త్రిభుజం అడిగి చూడండి. లూపు రాయకుండా!