ముందు లైటు, తర్వాతే ఫోను

హైదరాబాద్ ఎల్బీనగర్ చౌరస్తా దాటితే సైకిల్‌కు రెండు పెద్ద దారులు. హయత్‌నగర్, చౌటుప్పల్, సూర్యాపేట మీదుగా విజయవాడ ఒకటి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా నాగార్జునసాగర్ ఇంకోటి. రెండు మూడు రోజుల యాత్రకు బయల్దేరేవాళ్లు టైర్లు, బ్రేకులు, పంక్చర్ సామాను ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. కరెంటు సంగతి మాత్రం ముందురోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ పవర్‌బ్యాంక్ కొనడంతో తీరిపోయిందనుకుంటారు.

డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా? నిండదు. ఆ 10,000 లోపలి సెల్ దగ్గర, 3.7 వోల్టులకు కట్టిన లెక్క. అంటే 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచి ఫోన్‌కు పంపేలోపు కొంత వేడిగా పోతుంది. ఫోన్ నిండాలంటే సుమారు 19 వాట్-అవర్లు కావాలి. చివరికి దక్కేది ఒకటిన్నరసార్లు. పవర్‌బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీయే నమ్మదగ్గ అంకె. బీఐఎస్ గుర్తు లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఉన్న కరెంటులో మొదటి వాటా లైట్లదే. ఈ మాట గట్టిగానే చెబుతాను. నగరానికి పడమట, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను సోలార్ పలకల కప్పుతో కట్టారు. తూర్పున అలాంటిదేమీ లేదు. రాత్రి విజయవాడ హైవే మీద లారీ డ్రైవర్‌కు మనం కనిపించేది మన ఎర్రలైటుతోనే. హైదరాబాద్ రాండోనర్స్ వంటి క్లబ్బులు నడిపే ‘బ్రెవే’ అనే దూరపు రైడ్లలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు గడువు. అక్కడ రాత్రిపూట ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి.

పూర్వం మన ఊళ్లలో సైకిల్ టైరుకు రాసుకుంటూ తిరిగే డైనమో ఉండేది. దాని కొత్త రూపం ఇప్పుడు ముందు చక్రం హబ్‌లో దాగి ఉంటుంది. మామూలు వేగంలో 3 వాట్లు ఇస్తుంది. తక్కువేననిపిస్తుంది గానీ, పన్నెండు గంటలు తొక్కితే 36 వాట్-అవర్లు, దాదాపు ఒక పవర్‌బ్యాంక్! అందులో కొంత నష్టం పోయినా పగలు ఛార్జింగ్‌కు, రాత్రి లైటుకు పనికొస్తుంది. ఖరీదెక్కువ. వారాంతపు ప్రయాణాలకు అక్కర్లేదు, వారాలకు వారాలు తిరిగేవాళ్లకే దండగ కాదు.

ఫోన్‌ను తాగేసేది ఎండలో పూర్తి వెలుతురుతో వెలిగే తెర. మ్యాప్‌ను ముందే దించుకుని, తెర ఆర్పి, దారి చెవితో వినండి. సిగ్నల్ అందనిచోట టవర్ కోసం వెతుకుతూ ఫోన్ మరింత ఛార్జ్ ఖర్చు చేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది.

ఇక మన ఎండలు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల నల్లగొండ ఎండలో హ్యాండిల్‌కు కట్టిన నల్లసంచి ఆ హద్దును తేలిగ్గా దాటేస్తుంది. అందుకే ఛార్జింగ్ తెల్లవారుజామునో, దాబా నీడలోనో. 18 వాట్ల ఛార్జర్‌తో నలభై నిమిషాల భోజనంలో సగం ఫోన్ నిండుతుంది.

రాత్రి లాడ్జీలో గది తీసుకునేముందు ఒక్క పని చేయండి. డబ్బు కట్టకముందే ఛార్జర్ గుచ్చి చూడండి, గోడ స్లాట్‌లోంచి తాళంచెవి తీసినా సాకెట్‌లో కరెంటు ఉంటుందో లేదో అడగండి. భోజనానికి కిందికి దిగిన గంటలో లైట్లు ఛార్జ్ కావాలి మరి.