ఎండ మచ్చలు

ఈ వ్యాసం చర్మంపై ఏర్పడే మచ్చల గురించి. సూర్యబింబంపై కనిపించే మచ్చల కొరకు సూర్యుని మచ్చలు వ్యాసం చూడండి.

అనేక సంవత్సరాలపాటు ఎండ తగిలిన చర్మంపై ఏర్పడే చదునైన గోధుమరంగు మచ్చలను ఎండ మచ్చలు అంటారు. వైద్యశాస్త్రంలో వీటి పేరు సోలార్ లెంటిగో. సాధారణంగా నలభై ఏళ్ళు దాటినవారిలో ముఖం, మెడ, భుజాలు, చేతుల పైభాగం వంటి ఎండ సోకే చోట్ల ఇవి కనిపిస్తాయి. ఇవి కాన్సర్ కావు. అయితే ఆ చర్మం ఎంత ఎండను భరించిందో తెలిపే గుర్తులు కనుక వీటిని, వీటి పక్కన పుట్టే కొత్త మచ్చలను గమనిస్తూ ఉండాలి.

కారణాలు

సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాలలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. చర్మం తన రక్షణ కొరకు మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారు చేసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలిన చోట ఈ మెలనిన్ ఎక్కువై మచ్చగా ఏర్పడుతుంది. దెబ్బతిన్న డి.ఎన్.ఏ.లో చాలా భాగాన్ని కణమే సరిచేసుకుంటుంది. సరికాని లోపాలు పోగుపడి, కణాలు అదుపు లేకుండా విభజన చెందినప్పుడు కాన్సర్ మొదలవుతుంది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1992లో సూర్యరశ్మిని మానవులలో కాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

మచ్చలలో తేడాలు

మంగు: చెంపలపై, నుదుటిపై వ్యాపించే మచ్చలు. స్త్రీలలో ఎక్కువ. హార్మోన్లు, ఎండ దీనికి కారణాలు. ఇది కాన్సర్‌గా మారదు.

ఆక్టినిక్ కెరటోసిస్: పొలుసులతో కూడిన గరుకు మచ్చ. కంటికి కనబడక ముందే వేలితో తడిమితే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో సన్‌స్పాట్ అనే మాటను ఈ మచ్చకే వాడతారు. వీటిలో కొద్ది భాగం పొలుసుకణ కాన్సర్‌గా మారవచ్చు.

మెలనోమా: చర్మపు కాన్సర్లలో మిక్కిలి ప్రమాదకరమైనది. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో పలు రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, కాలక్రమంలో మార్పు - ఈ అయిదూ దీని హెచ్చరికలు. వీటిలో చివరిది చాలా ముఖ్యం.

నల్లని చర్మం గలవారు

మెలనిన్ అధికంగా ఉన్న భారతీయులలో, ఆఫ్రికావారిలో చర్మపు కాన్సర్ తక్కువ. కాని అసలు రాదనుకోవడం పొరపాటు. వీరిలో మెలనోమా తరచు ఎండ తగలని అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. ఆనె అనో, దెబ్బ తగిలి కమిలిందనో వదిలివేయడం వలన ఆలస్యంగా బయటపడుతుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలిలో మొదలైన మెలనోమా వలననే 1981లో 36 ఏళ్ళ వయసులో మరణించాడు. పుట్టుకతో మెలనిన్ లోపించిన ఆల్బినిజం గలవారికి మాత్రం ఎండ వలన కలిగే కాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

ఆస్ట్రేలియా అనుభవం

తెల్లని చర్మం గల జనాభా, తీవ్రమైన ఎండ కలసిన ఆస్ట్రేలియాలో చర్మపు కాన్సర్ రేటు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉంది. చొక్కా తొడుక్కో, లేపనం పూసుకో, టోపీ పెట్టుకో అని చెప్పే ప్రచారం అక్కడ 1981లో ప్రారంభమైంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నాంబూర్ పట్టణంలో 1992-1996 మధ్య 1,621 మందిపై ఒక పరిశోధన జరిగింది. ప్రతిరోజూ సన్‌స్క్రీన్ పూసుకోవలసిన బృందంలో పొలుసుకణ కాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి.

చికిత్స, నివారణ

ఎండ మచ్చలకు చికిత్స తప్పనిసరి కాదు. అయితే మచ్చ ఏమిటో తెలియకుండా దానిని పోగొట్టే క్రీములు వాడరాదు. అసలు వ్యాధి మరుగున పడవచ్చు. అనుమానించదగిన మచ్చను చర్మవ్యాధి నిపుణులు పరిశీలించి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గరుకు మచ్చలను ద్రవ నత్రజనితో గడ్డకట్టించి తొలగిస్తారు. మెలనోమాను తొలిదశలో కోసి తీసివేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

నడి పగటి ఎండలో తిరగకుండా ఉండడం, గొడుగు, పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పైన టోపీ వాడడం, ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్ పూసుకోవడం నివారణ మార్గాలు. నెలకొకసారి అరికాళ్ళు, గోళ్ళతో సహా ఒళ్ళంతా చూసుకోవడం, వీపును ఇంట్లోవారి చేత చూపించుకోవడం మంచిది. కొత్తగా పుట్టిన, రూపు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చను, మానని పుండును ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.