మేత మేయుచునే చిక్కిపోవు పశువు: జోన్స్ వ్యాధి

పశువు మేత విడువదు, నెమరు మానదు, జ్వరము లేదు. అయినను దినదినమునకు చిక్కి, ప్రక్కటెముకలు బయటపడి, వారములతరబడి పలుచగా పారుచుండును. రైతులు దీనిని మేత మార్పనియో దిష్టియనియో తలచి నాటుమందులు పోయుచు కాలము గడపుదురు. ఇది ప్రేగులకు వాపు గలిగించు జోన్స్ వ్యాధి యై యుండవచ్చును. ఆవులు, బఱ్ఱెలు, గొఱ్ఱెలు, మేకలు దీనికి లోనగును. 2011లో లోకమునుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడిన ముసరవ్యాధివలె ఇది ఊరంతటిని ఒక్కసారి చుట్టుముట్టదు. కొట్టములో అప్పుడొకటి, అప్పుడొకటిగా పశువులను తీసికొనును. అందుచేతనే దీనిని ఎవరును లక్ష్యపెట్టరు.

1895వ సంవత్సరమున జర్మనీదేశమందలి డ్రెస్డెన్ నగరములో జోనె, ఫ్రాథింగ్‌హామ్ అను పండితులు ఇట్లు చిక్కిన యొక యావు ప్రేగును పరీక్షించి, క్షయక్రిములను బోలిన సూక్ష్మక్రిములను గనుగొనిరి. ఈ క్రిములు చిన్నప్రేగు చివరిభాగపు గోడలో నిలిచి వృద్ధిపొందగా, ఆ గోడ వాచి మందమై, లోపలిపొర మెదడుమీది మడతలవలె ముడుతలు పడును. అట్టి ప్రేగు మేతలోని సారమును పీల్చుకొనజాలదు. పైగా రక్తములోని మాంసకృత్తులు ప్రేగులోనికి కారిపోవును. కావున ఎంత దాణా పెట్టినను వ్యర్థమే. తుదకు దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. పేడలో సాధారణముగా రక్తముండదు. గొఱ్ఱెలు, మేకలు పలుమాఱు పారకయే చిక్కిపోవును.

రోగము అంటునది ముఖ్యముగా దూడప్రాయమున. బయటపడునది తఱచుగా రెండేండ్లు మొదలు ఆఱేండ్ల వయస్సులో, అందును ఈనిన పిమ్మట. రోగపుటావు పేడ అంటిన చన్ను చీకిన దూడ నేడు ఏ లోపమును లేక గంతులు వేయుచుండును. రైతు దానిని పెంచి, మేత పెట్టి, పాలు పిదుకుకొను వేళకు అదియు పారుట మొదలిడును. ఈలోపల దాని పేడలోను క్రిములు పడుచునే యుండును.

దీనిని నిశ్చయముగా కుదుర్చు మందు లేదు. కావున దూడను కాపాడుటయే ఉపాయము. పశువు పొడినేలపై, శుభ్రమైన చోట ఈనవలెను. దూడను విడుచుటకు ముందు పొదుగును, చన్నులను కడుగవలెను. రోగపుటావు పాలు దూడకు ఈయరాదు. ఆరోగ్యమైన మఱియొక యావు పాలు పట్టవలెను. దూడల పాక వేఱుగా, పెద్దపశువుల పేడనీరు పాఱని యెత్తున నుండవలెను. గాడి, కుడితితొట్టి పేడ తగులనంత యెత్తున కట్టవలెను. నీడయు తేమయు గలచోట ఈ క్రిములు ఏడాదికాలము కూడ బ్రతుకగలవు గనుక, ఆ పేడను గుంటలో బాగుగా మాగనిచ్చి దున్ను చేలకే తోలవలెనుగాని, దూడలు మేయు గడ్డినేలపై చల్లరాదు.

కొందఱు పారుచున్న పశువును సంతకు తోలి నష్టమునుండి తప్పించుకొంటిమనుకొందురు. కొన్నవాడును రైతే, వాని కొట్టములోను దూడలు గలవు. కొనువారు పశువు పండ్లతోబాటు తోకను, వెనుకతొడలను కూడ చూచుట మేలు. అచ్చట పలుచని పేడ ఎండి అట్టకట్టి యుండిన, కారణము తెలియనిదే బేరమాడరాదు.

అయితే పారు పశువెల్ల ఈ రోగము గలదని భయపడ నక్కఱలేదు. కార్జపు జలగలు, కడుపులోని పురుగులును ఇట్లే పారించి దవడక్రింద నీరు దింపును. వానికి మందు గలదు. కావున మొదట పేడను పశువైద్యశాలకు పంపి పురుగులకై పరీక్ష చేయింపవలెను. పురుగులమందుతో నిలువనిచో జోన్స్ వ్యాధికై పేడను, రక్తమును పరీక్షింప గోరవలెను. తొలిదశలో క్రిములు పరీక్షకు దొరకకపోవచ్చును గనుక, ఒకమాఱు లేదని వచ్చినను పశువును వేఱుగనే కట్టి, కొన్ని నెలలకు మరల పరీక్ష చేయింపవలెను.