నాలుక రంగు మారితే: మార్పు ఏ పొరలో ఉంది?

ఆరోగ్యవంతుల నాలుక లేత గులాబీ రంగులో ఉండి, పైన పలుచని తెల్లని పూత కలిగి ఉంటుంది. గులాబీ రంగు లోపలి రక్తనాళాల వల్ల కలిగితే, తెలుపు సూక్ష్మాంకురాల నుంచి, అంటే నాలుకకు గరుకుదనాన్నిచ్చే మొనదేలిన చిన్న బుడిపెల నుంచి వస్తుంది. కనుక నాలుక రంగు మారినప్పుడు ఆ మార్పు పైపూతలో ఉందా, నాలుక పొరలోనే ఉందా, లోపలి రక్తంలో ఉందా అని వేరుచేసి చూడటం రోగనిర్ధారణలో తొలి మెట్టు.

నేరేడు పళ్లు, తాంబూలం వదిలిన రంగు పైపూతకే పరిమితమై త్వరలోనే పోతుంది. బుడిపెల కొనలు కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో ఏర్పడి, నమిలేటప్పుడు కలిగే రాపిడికి ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి. పొగతాగేవారిలో, నోటి శుభ్రత లోపించినవారిలో, మెత్తని ఆహారమే తీసుకునేవారిలో, కొన్ని యాంటీబయాటిక్ మందులు వాడేవారిలో అవి సరిగా రాలక, ఒక మిల్లీమీటరు లోపు ఉండవలసినవి సెంటీమీటరుకు పైగా కూడా పెరిగి, వాటి మధ్య చేరిన బాక్టీరియా, టీ, పొగాకు మరకలతో నల్లబడతాయి. నల్ల వెంట్రుకల నాలుక అని పిలిచే ఈ స్థితి చూడటానికి భయం గొలిపినా సాధారణంగా హానికరం కాదు. కారణాన్ని తొలగించి, నాలుకను మృదువుగా శుభ్రం చేసుకుంటే తగ్గిపోతుంది.

నాలుక పొరలో వచ్చే మార్పులను మరింత జాగ్రత్తగా పరిశీలించాలి. మధుమేహం ఉన్నవారిలో, ఉబ్బసానికి స్టెరాయిడ్ మందు పీల్చేవారిలో క్యాండిడా అనే శిలీంధ్రం వల్ల ఏర్పడే పెరుగు తరకల వంటి తెల్లమచ్చలు సాధారణంగా గాజుగుడ్డతో తుడిస్తే ఊడివచ్చి, కింద ఎర్రని పొర కనిపిస్తుంది. తుడిచినా పోని, మరే వ్యాధికీ చెందదని తేలిన తెల్లమచ్చను ల్యూకోప్లేకియా అంటారు. అలాంటి ఎర్రమచ్చ అయిన ఎరిత్రోప్లేకియా అంతకన్నా ప్రమాదకరం. ఈ రెండూ క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నవి కాబట్టి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించే బయాప్సీ అవసరమవుతుంది. బుడిపెలు క్షీణించి నాలుక నున్నగా, ఎర్రగా మారి మండుతుంటే బి12 విటమిన్ లోపాన్ని అనుమానించాలి. గోధుమ, నలుపు మచ్చలు చామనచాయ, నల్లని మేనిఛాయ గలవారిలో సహజంగానే ఉండవచ్చు. అవి కొత్తగా వచ్చి, వాటితోపాటు నీరసం, బరువు తగ్గడం, రక్తపోటు పడిపోవడం ఉంటే, 1855లో థామస్ అడిసన్ వర్ణించిన అడ్రినల్ గ్రంథుల వ్యాధి కోసం పరీక్షించాలి.

రక్తంలోని మార్పుల్లో పాలిపోవడం రక్తహీనతను సూచిస్తే, నీలిరంగు ఆక్సిజన్ లోపాన్ని సూచిస్తుంది. చలికి వేళ్లు మాత్రమే నీలిరంగు తేలడం వేరు. ఎప్పుడూ వెచ్చగా, రక్తప్రసరణతో ఉండే నాలుక నీలంగా మారడం గుండె, ఊపిరితిత్తుల తీవ్ర వ్యాధులకు గుర్తు కావచ్చు. అయితే రక్తంలో ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ డెసిలీటరుకు సుమారు 5 గ్రాములు చేరితేగాని ఈ రంగు స్పష్టపడదు కాబట్టి, తీవ్ర రక్తహీనత గలవారిలో ఆక్సిజన్ తగ్గినా నాలుక నీలంగా కనిపించకపోవచ్చు.

అందుచేత రంగు ఒక్కటే రోగాన్ని నిర్ధారించదు. మచ్చ ఎన్నాళ్లుగా ఉందో, ఏ మందులు వాడుతున్నారో, పొగాకు, వక్క, గుట్కా అలవాట్లు ఉన్నాయో లేవో తెలుసుకొని, మంచి వెలుతురులో నాలుక అంచులను, అడుగుభాగాన్ని కూడా చూడాలి. రెండు వారాలు దాటినా తగ్గని మచ్చను, పుండును, గట్టిదనాన్ని నొప్పి లేదన్న కారణంతో ఉపేక్షించకూడదు, ఎందుకంటే నోటి క్యాన్సర్ తొలిదశలో తరచుగా నొప్పి ఉండదు, నయం చేయడానికి ఎక్కువ అవకాశం ఉన్నదీ ఆ దశలోనే. నాలుక హఠాత్తుగా నీలంగా మారి ఊపిరి అందకపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయక అత్యవసర చికిత్స అందించాలి.